ఆ రాత్రి మనం ఎవరి చుట్టాలం?

"ఏయ్ బాబూ, రెండు వాటర్ బాటిళ్లు పట్రా."

ఈ మాట అన్నాయన ఎవరో నాకు తెలియదు. పక్క గుడిసె ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్న నలుగురిలో ఒకాయన. అన్నది మాత్రం నన్నే. పాపికొండల మధ్య, గోదావరి ఒడ్డున ఒక క్యాంపు. రాత్రి ఎనిమిది గంటలయి ఉంటుంది. నేను లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని మాకిచ్చిన గుడిసె ముందు నిలబడి ఉన్నాను. చీకట్లో నన్ను చూసి అక్కడ పనిచేసే మనిషిని అనుకున్నాడు.

"నేను ఇక్కడ పనివాణ్ణి కాదండీ. టీచర్ని. మీలాగే డబ్బులు కట్టి వచ్చాను" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. ఆయన నొచ్చుకున్నాడు. "సారీ మాస్టారూ, చీకట్లో పోల్చుకోలేదు" అన్నాడు. గొడవ అక్కడితో అయిపోయింది. నీళ్లు క్యాంపు కుర్రాడు తెచ్చి ఇచ్చాడు.

పడుకునే ముందు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది. "నిన్ను ఆ పనిచేసే అన్న అనుకున్నారు, అంతే కదా నాన్నా. దానికి అంత కోపమెందుకు?"

అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించి చెప్పాల్సిన జవాబు అది. ఆ జవాబు మా అమ్మాయికే కాదు, చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చిన మనందరికీ అవసరమని తోచి ఈ వ్యాసం రాస్తున్నాను.

*

మాది చింతూరు వైపు ఒక కోయ గూడెం. మా తాత వెదురు కూపుల్లో పనిచేసి, వెదురు తెప్పల మీద రాజమండ్రి దాకా వెళ్లొచ్చిన మనిషి. ఆ కొండల మధ్య నది ఎలా సన్నబడుతుందో, ఎక్కడ సుడి ఉంటుందో ఆయన చెబుతుంటే అమ్మ విన్నది. తానెప్పుడూ చూడలేదు. సంక్రాంతి సెలవుల్లో అమ్మని, నా భార్యని, పిల్లలిద్దరినీ తీసుకుని బయలుదేరాను. "పోలవరం నిండితే ఇక కనపడవు, మునిగిపోకముందే ఒకసారి చూసి రావాలి" అని మా స్టాఫ్ రూములో అందరూ అంటారు. నేనూ అదే మాట ఇంట్లో చెప్పాను. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

పోచవరంలో లాంచీ ఎక్కాం. క్యాంపులో దిగగానే రిజిస్టర్ ముందుకు తోశారు. పేరు, ఊరు, ఆధార్ నంబరు, ఫోను, పెద్దలెందరు, పిల్లలెందరు. రాసి డబ్బులు కట్టాను. ఈలోగా అమ్మ, సామాన్లు మోస్తున్న కుర్రాణ్ణి అడిగింది. "ఏ ఇల్లు నాయనా మీది?"

కోయ పెద్దలు కొత్త మనిషిని మొదట అడిగేది అదే. మనవాడయితే "ఏ గట్టు?" అంటారు. మూడో గట్టా, ఐదో గట్టా తెలిస్తే అతను అన్న అవుతాడో బావ అవుతాడో తేలిపోతుంది. ఆ తర్వాతే మంచం వాల్చడం, నీళ్లివ్వడం. ఆ కుర్రాడు కొండరెడ్డి. వాళ్లలో గట్లు ఉండవు కాబట్టి అమ్మ ఇంటిపేరు అడిగింది. అతను చెప్పి, ఇసుక మేట మీదుగా పైన కనపడే గూడెం వైపు చెయ్యి చూపించాడు. "ఆ చింతచెట్టు పక్కది మా ఇల్లు అవ్వా."

అమ్మ సంచిలోంచి చింతపండు పొట్లం తీసి "మీ అమ్మకియ్యి" అంది. నాకు సిగ్గేసింది. "అమ్మా, ఇది హోటల్ లాంటిదే. డబ్బులు కట్టాం" అన్నాను.

"డబ్బులు ఆ కుర్చీలో బాబుకి కట్టినవు. ఈ పిల్లోడి ఊరికి ఏం కట్టినవు?" అంది.

రిజిస్టర్ అడిగిన ప్రశ్నలూ అమ్మ అడిగిన ప్రశ్నా రెండూ మనిషిని గుర్తుపట్టడానికే. కానీ రిజిస్టర్ ప్రశ్నలకి జవాబు చెప్పాక, ఏదైనా జరిగితే నేనెవరో పోలీసులకి తెలుస్తుంది. అమ్మ ప్రశ్నకి జవాబు దొరికాక మేం ఒకరికొకరం ఏమవుతామో తెలుస్తుంది. ఆ సాయంత్రం ఈ తేడా నాకు పట్టలేదు.

*

ఇప్పుడు నా కోపం సంగతి.

పనివాడు అనుకోవడంలో అవమానం ఏముంది? ఆ కుర్రాడు చేసేది కష్టమైన పని, నిజాయితీ పని. నీళ్లు మోస్తాడు, పొయ్యి రాజేస్తాడు, బొంగులో కోడికూర వండుతాడు, జనరేటరు నడుపుతాడు. నన్ను అతను అనుకుంటే నాకు పోయిందేమీ లేదు.

అవమానం "ఏయ్"లో ఉంది, "పట్రా"లో ఉంది అనుకున్నాను. నిజమే. కానీ ఆ మాటలు సాయంత్రం నుంచి అతణ్ణి పదిసార్లు అనడం నేను విన్నాను. ఒక్కసారి కూడా నాకు కోపం రాలేదు. నన్నన్నప్పుడే అది అవమానమయింది. అతణ్ణన్నప్పుడు మామూలు మాటగా వినిపించింది.

ఆ పక్క గుడిసె ఆయన సారీ చెప్పింది కూడా "ఏయ్" అన్నందుకు కాదు. తప్పు మనిషిని అన్నందుకు. నేను సర్దుకున్నదీ ఆ లెక్కలోనే. అంటే ఆ నిమిషంలో మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఆ మాట అనడానికి తగిన మనిషి వేరే ఉన్నాడు, వాడు ఆ కుర్రాడు. నేను మనిషికి మర్యాద అడగలేదు. నాకు మినహాయింపు అడిగాను.

ఇది రాయడం నాకు సుఖంగా లేదు. కానీ మనలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. బస్సులో, ఆఫీసులో, ఆసుపత్రిలో "వీళ్లంతా ఇంతే" అని మన జాతిని అన్నప్పుడు, "నేను అలాంటివాణ్ణి కాదు" అని రుజువు చేసుకోవడానికి చూస్తాం. మంచి చొక్కా, మంచి తెలుగు, ఉద్యోగం పేరు ముందుకు తోస్తాం. చదువు మనల్ని ఆ "ఏయ్" నుంచి తప్పించింది. ఆ మాటని మాత్రం అక్కడే ఉంచింది.

*

పది గంటలకి జనరేటరు ఆపేశారు. పొయ్యి దగ్గర ఆ కుర్రాడు గిన్నెలు తోముకుంటున్నాడు. వెళ్లి కూర్చున్నాను. ఇంటర్ మధ్యలో ఆపేశాడట. మనసులో భారం దింపుకుందామని, "తమ్ముడూ, మేం టూరిస్టులం కాదు, మీ ఊరొచ్చిన చుట్టాలం అనుకో" అన్నాను.

అతను నవ్వాడు. "చుట్టాలయితే కూలి ఎవరిస్తారు సార్? ఇక్కడ యజమాని కూడా మనమంతా ఒకే కుటుంబం అంటాడు. ఆ మాటన్న నెలలో జీతం ఆలస్యమవుతుంది. నాకు చుట్టరికం వద్దు, కూలి సక్రమంగా ఇస్తే చాలు."

నా మంచి మాట గాలికి పోయింది. అతను చెప్పింది సరయినది. పనికి కూలి ఇవ్వకుండా ఆప్యాయత చూపించడం పాత మోసం. ఆదివాసీలు అమాయకులు, డబ్బు కోసం కాదు ప్రేమ కోసం పెడతారు అని పొగిడేవాళ్లని చూసి మనం జాగ్రత్తపడాలి. ఆ పొగడ్త తర్వాత వచ్చేది చాకిరీయే.

"మరి మీ ఊరికి వీళ్లు రావడం ఇష్టమేనా?" అన్నాను.

"రానీండి సార్. పని దొరుకుతుంది. కానీ ఎంతమంది దిగాలి, పాటలు ఎంతసేపు పెట్టాలి, సీసాలు ఎక్కడ పడెయ్యాలి అన్నది మా ఊరోళ్లని ఎవరూ అడగరు. ఏట్లో నీళ్లు మేమే కదా తాగేది."

ఈ రెండు మాటలు కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. ఆ కుర్రాడు చోటుని బట్టి ఇంటివాడు, జీతాన్ని బట్టి పనివాడు. మేం అతని ఊరికి వచ్చాం కానీ రమ్మన్నది అతను కాదు. తలుపు వేసుకునే హక్కు ఉన్నవాడు తలుపు తీస్తే దాన్ని ఆతిథ్యం అంటాం. ఆ హక్కు లేనివాడు తలుపు తీస్తే అది డ్యూటీ. డబ్బు తీసుకోవడం వల్ల ఆతిథ్యం చెడదు. "రండి" అనే మాట, "ఇక చాలు" అనే మాట వేరేవాడి చేతిలోకి పోవడం వల్ల చెడుతుంది.

*

ఇది కొత్త ప్రశ్న కాదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన గ్రంథంలో దీన్ని చర్చించాడు. భూమి గుండ్రంగా ఉంది, అందరం దాని మీదే సర్దుకోవాలి, కాబట్టి పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువులా చూడకూడదు అన్నాడు. అయితే ఆ హక్కు వచ్చి చూసిపోవడానికే, వచ్చి పాతుకుపోవడానికి కాదని కూడా గీత గీశాడు. వ్యాపారం పేరుతో వెళ్లి ఇతరుల దేశాల్ని ఆక్రమించిన యూరప్ వాళ్లనే అందులో తప్పుపట్టాడు.

ఆ గీత దాటితే ఏమవుతుందో మన పెద్దలకి పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. ఉప్పు, గుడ్డ అమ్ముకోవడానికి వచ్చినవాడికి అరుగు మీద పడుకోవడానికి చోటిచ్చారు. అరుగు కొట్టయింది. కొట్టు అప్పయింది. అప్పు భూమిని మింగింది. 1940ల్లో ఇదే గోదావరి ఒడ్డు గూడేల్లో తిరిగిన హైమన్‌డార్ఫ్, 1945లో అచ్చయిన "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అనే తన పుస్తకంలో, కలప వ్యాపారుల అప్పుల కింద కొండరెడ్లు ఎలా నలిగారో రాశాడు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1917లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959 నిబంధనలు, వాటిని గట్టిపరిచిన 1970 నాటి 1/70 ఆ దారిలోనివే. మనం 1/70ని భూమి చట్టంగా పిల్లలకి చెబుతాం. ఒక రకంగా అది అతిథి గురించిన చట్టం కూడా. రావచ్చు, బతకవచ్చు, కానీ ఇంటివాణ్ణి బయటికి పంపి నువ్వు ఇంటివాడివి కాకూడదు అని చెప్పే చట్టం. 1996 పెసా చట్టం గ్రామసభకి మాట ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద ఊరి ఉమ్మడి హక్కుని గుర్తించింది. "రండి", "చాలు" అనే రెండు మాటలు మన నోటికి తిరిగి తెచ్చుకోవడానికి కాగితం మీద దారి ఉంది. ఆ గోదావరి ఒడ్డున నేనున్న క్యాంపులో ఆ కాగితం కనపడలేదు.

*

అయితే తలుపు మనదని గట్టిగా అంటున్నప్పుడు ఇంకో సంగతి మరచిపోకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. చాలామంది ప్రాణాలు పోయాయి. బయటపడినవాళ్లని కాపాడడానికి నాటు పడవలేసుకుని ముందు వెళ్లింది ఒడ్డున ఉన్న గూడేల మనుషులు. వాళ్లు ఇంటిపేరు అడగలేదు, గట్టు అడగలేదు.

కాబట్టి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఆపదలో వచ్చినవాడు ఏమీ అడగక్కర్లేదు, మనమూ ఏమీ అడగం. సరదాకి వచ్చినవాడు అడగాలి. అడగడమంటే తక్కువవడం కాదు. ఇది ఎవరి చోటు అని తెలుసుకోవడం, ఆ చోటి మాట వినడం. ఆ రాత్రి నేను సరదాకి వచ్చినవాణ్ణి. ఆదివాసీనయినంత మాత్రాన ఆ బాధ్యత తప్పదు. నా గూడెంలో నేను ఇంటివాణ్ణి, కొండరెడ్ల గూడెంలో నేనూ పరాయివాణ్ణే. "మనమంతా ఒకటే" అన్న మాట అడగకుండా ఉండడానికి సాకు కాకూడదు.

*

"మునిగిపోకముందే చూసి రావాలి" అన్న మాట దగ్గరికి వస్తాను.

పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైనే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వీఆర్ పురం, చింతూరు వైపు ఊళ్లు ఎలా ఉన్నాయో చూసినవాళ్లకి ముంపు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడి గూడెం కూడా ముంపులోకే వస్తుంది. వాళ్లమ్మ మైదానంలో కాలనీకి వెళ్లనంటోందట.

పరిహారం లెక్కలో ఇల్లు ఉంటుంది, భూమి ఉంటుంది, చెట్లు ఉంటాయి. కానీ ఏటి ఒడ్డున దిగిన మనిషిని "రండి, కూర్చోండి" అనగలిగే స్థితికి లెక్క లేదు. వరుసగా కట్టిన కాలనీ ఇళ్లలో, చుట్టూ పరాయి ఊళ్ల మధ్య, కొండరెడ్డి తానే కొత్తగా వచ్చినవాడవుతాడు. ఊరు పోవడమంటే నేల పోవడం ఒక్కటే కాదు. తరతరాలుగా ఇంటివాడిగా ఉన్న మనిషి, ఇంకొకరి దయ మీద ఉండే మనిషిగా మారడం.

అలాంటి చోటికి చూడ్డానికి వెళ్లడం తప్పా? తప్పని నేను అనను. ప్రాణం మీదకొచ్చిన మనిషిని చివరి చూపు చూడ్డానికి మనం వెళ్తాం. కానీ వెళ్లినప్పుడు ఏం చేస్తాం? ముందు ఇంట్లోవాళ్లని పలకరిస్తాం. వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటాం. పెద్దగా నవ్వం, పాటలు పెట్టం. మేం కొండల్ని చూశాం, నదిని చూశాం, ఫోటోలు తీసుకున్నాం. ఇంట్లోవాళ్లని పలకరించలేదు, మా అమ్మ తప్ప.

*

తోటి ఉపాధ్యాయులకి ఒక మాట. మన పిల్లల్ని విహారయాత్రలకి తీసుకెళ్తాం. బస్సు, భోజనం, టికెట్లు చూసుకుంటాం. వాటితోపాటు, ఆ చోటు ఎవరి ఊరు, ఊరిపెద్ద ఎవరు, నీళ్లు ఎక్కడివి, మనం వదిలే చెత్త ఎక్కడికి పోతుంది అని పిల్లల చేత ముందే అడిగించాలి. ఊళ్లో వండిపెట్టే ఆడవాళ్లుంటే భోజనం డబ్బులు నేరుగా వాళ్లకే ఇవ్వాలి. ఫోటో తీసేముందు అడగాలి. వద్దంటే మానాలి. పౌరశాస్త్రం పాఠంలో గ్రామసభ గురించి చెప్పే నాలుగు వాక్యాల కన్నా ఇది ఎక్కువ నేర్పుతుంది.

తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. క్యాంపులో పనిచేయడం చిన్నతనం కాదు. కూలి ఎంతో కాగితం మీద రాయించుకోండి. కానీ అక్కడితో ఆగకండి. మీ ఊరి ఒడ్డున ఎవరు గుడిసెలు వేయాలి, ఎన్ని వేయాలి, వచ్చిన డబ్బులో ఊరికి ఎంత రావాలి అన్నది గ్రామసభ తీర్మానంలోకి తెండి. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితుల పేరుతో పర్యాటకం నడుస్తోంది. వెళ్లి చూడండి. ఖాతా ఎవరిది, నిర్ణయం ఎవరిది అని అక్కడివాళ్లని అడగండి. మంచిదయితే నేర్చుకోండి, లోపముంటే మీ ఊళ్లో దిద్దుకోండి. పట్టా మనవాడి పేరు మీద, గల్లాపెట్టె ఇంకొకడి చేతిలో ఉండే పద్ధతికి మాత్రం సంతకం పెట్టకండి.

*

పొద్దున్నే లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. ఇసుక మేట మీద ఆమె అడుగులు గూడెం వైపు వెళ్లాయి. పిల్లల్ని తీసుకుని మేమూ వెళ్లాం. చింతచెట్టు పక్క ఇంటి ముందు అమ్మా, ఆ కుర్రాడి తల్లీ కూర్చుని తాత నాటి వెదురు తెప్పల గురించి మాట్లాడుకుంటున్నారు. మాకు చోడి జావ పోసిచ్చారు. డబ్బులు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. చింతపండు మాత్రం లోపల పెట్టుకుంది. వచ్చేటప్పుడు "మళ్లీ రండి, ఊరు ఉంటే" అంది.

లాంచీలో మా అమ్మాయికి జవాబు చెప్పాను. "అమ్మా, నాకు కోపం రావడం తప్పు కాదు. రావాల్సింది సాయంత్రం, ఆ అన్నని మొదటిసారి 'ఏయ్' అన్నప్పుడు. నాకు రాత్రి వచ్చింది, అదీ నా కోసమే వచ్చింది. తప్పు అక్కడ ఉంది."

"అప్పుడు నాకూ రాలేదు నాన్నా" అంది.